గంపలగూడెం నుంచి ముప్పై సిట్టింగులు

విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండులో తిరువూరు బస్సెక్కితే, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ గొట్టాలు కనుమరుగయ్యేదాకా నగరం వదలదు. కొండపల్లి దాటి మైలవరం చేరేసరికి గాలి మారుతుంది. అక్కణ్నుంచి చాలాచోట్ల రోడ్డుకు అటూ ఇటూ మామిడి తోటలే. ఇది 30వ నంబరు జాతీయ రహదారి. ఆగకుండా పోతే కొత్తగూడెం, భద్రాచలం మీదుగా జగదల్‌పూర్ దాకా తీసుకుపోతుంది. నేను తిరువూరులోనే దిగి గంపలగూడెం బస్సు పట్టుకున్నాను.

గుళ్ళూ గోపురాలూ చూద్దామని రాలేదు. క్యాన్సర్ వచ్చిన మనిషికి రేడియేషన్ ఎన్నిసార్లు ఇవ్వాలి, ఒక్కోసారి ఎంత ఇవ్వాలి, మధ్యలో ఎన్ని గంటలు ఆగాలి అని లెక్కగట్టే శాస్త్రం ఒకటుంది. కణం ఎలా దెబ్బ తింటుందో, ఎలా బాగు చేసుకుంటుందో, ఎప్పుడు చచ్చిపోతుందో గణితంలో రాసి, కంప్యూటర్‌లో నడిపించి చూస్తారు. కొన్నేళ్ళుగా ఆ పరిశోధనల గురించి చదువుతున్నాను. చదివినప్పుడల్లా ఒక్కటే తోచేది. ఆ లెక్క ఇరవై అయిదు అని చెప్తే, ఇరవై అయిదు తెల్లవారుజాముల్లో లేచి బస్సు కోసం నిలబడే మనిషి ఒకరుంటారు. ఆ మనిషి నడిచే దారిని ఒకసారి ఆ చివర నుంచి చూడాలనిపించింది.

2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడేదాకా గంపలగూడెం పాత కృష్ణా జిల్లాకు ఉత్తరపు కొస. అవతల తెలంగాణ. మధిర స్టేషన్‌కు పోయి రైలెక్కే అలవాటు ఇక్కడ చాలామందికి ఉంది. పెళ్ళి సంబంధాలకు, మిరప మార్కెట్లకు రాష్ట్రాల గీత అడ్డం రాదు. నేను వెళ్ళినవి మిరప కోతల రోజులు. కల్లాల్లో ఎర్రగా పరిచిన కాయల ఘాటు బస్సు కిటికీల్లోంచే తగిలింది. మండలంలో నెమలి వేణుగోపాలస్వామి గుడి పేరున్న క్షేత్రం. బస్సులో సగం మంది అక్కడికే. కట్టలేరు వాగు ఆ రోజుల్లో పెద్దగా పారదు. కానీ దాన్ని చూసి మోసపోకూడదని పక్కన కూర్చున్నాయన గట్టిగా చెప్పాడు. వానాకాలం వాగు పొంగితే వినగడప, తోటమూల మధ్య రాకపోకలు ఆగిపోతాయట.

బస్టాండు దగ్గర టీ కొట్టు బల్ల మీద ఒక పెద్దావిడ పరిచయమైంది. వయసు అరవైకి దగ్గర. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషనై, ఆ తర్వాత రేడియేషన్ అయి, ఇప్పుడు మూడు నెలలకో ఆరు నెలలకో చూపించుకొని వస్తోంది. నేను వచ్చిన పని చెబితే ఆవిడ మొహమాటపడలేదు.

"పాతిక రోజులు కరెంటు పెట్టారు బాబూ. పడుకోబెట్టి, కదలొద్దని చెప్పి అందరూ బయటికి పోతారు. మిషను చుట్టూ తిరుగుద్ది. నొప్పేం ఉండదు, రెండు మూడు నిమిషాలు. దానికోసం చీకటితో లేవాలి. మొదట్లో రోజూ పోయొచ్చేదాన్ని. తర్వాత ఓపిక లేక విజయవాడలో మా ఆడపడుచు ఇంట్లో ఉన్నా."

ఆరోగ్యశ్రీ కార్డు మీద వైద్యం ఖర్చు గడిచిపోయిందని, తోడు వచ్చే మనిషి కూలి పోయిందని, బస్సు ఖర్చులు, బయట తిండి ఖర్చులు చేతి నుంచే పడ్డాయని లెక్క చెప్పింది. చెప్పి, చాలా రోజులుగా మనసులో ఉన్న ప్రశ్న అడిగింది.

"రోజూ కొంచెం కొంచెం ఎందుకు బాబూ? అదేదో ఒక్కసారే పెట్టెయ్యకూడదా?"

రేడియేషన్ బయాలజీ అనే శాస్త్రం మొత్తం ఆ ప్రశ్నకు జవాబే. దాన్ని మొదట గట్టిగా పట్టుకున్నది పారిస్‌లో క్లాడియస్ రెగో. 1920లలో ఆయన బృందం పొట్టేళ్ళ మీద ప్రయోగాలు చేసింది. వృషణాలకు ఒకే విడతలో పెద్ద మోతాదు ఇచ్చి పొట్టేలును గొడ్డుపోయేలా చేయాలంటే పైనున్న చర్మం కుళ్ళిపోయేది. అదే మోతాదును విడతలుగా పంచి ఇస్తే పొట్టేలు గొడ్డుపోయింది, చర్మం మాత్రం నిలిచింది. ఎడతెగకుండా విభజన చెందే కణాలను క్యాన్సర్ గడ్డకు నమూనాగా, చర్మాన్ని చుట్టుపక్కల మంచి కణజాలానికి నమూనాగా తీసుకున్నారు. అదే ఊళ్ళో ఆన్రీ కుతార్ ఈ పద్ధతిని గొంతు క్యాన్సర్ రోగుల మీద వాడి, విడతల చికిత్సకు దారి వేశాడు. పొట్టేలు సంగతి చెప్పగానే ఆవిడకు సగం అర్థమైపోయింది. "పైతోలు బతకాల, లోపల్ది చావాల," అంది. ఏ పాఠ్యపుస్తకమూ ఇంతకన్నా క్లుప్తంగా చెప్పలేదు.

మిగతా సగానికి కొంచెం లెక్క కావాలి. రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం గ్రే. బ్రిటిష్ శాస్త్రవేత్త లూయీ హెరాల్డ్ గ్రే పేరు మీద 1975లో పెట్టారు. కిలో కణజాలంలో ఒక జౌల్ శక్తి దిగితే ఒక గ్రే. అది ఎంత తక్కువంటే, ఆ శక్తితో కిలో నీళ్ళు ఒక డిగ్రీలో నాలుగు వేలవ వంతు కూడా వేడెక్కవు. అయినా ఆ ఒక్క గ్రే ఒక్కో కణంలోని డీఎన్ఏను సుమారు వెయ్యి చోట్ల ఒక పేట, నలభై చోట్ల రెండు పేటలూ తెంపుతుంది. రెండు పేటల తాడులో ఒక పేట తెగితే రెండోది ఆధారంగా మళ్ళీ పేనుకోవచ్చు. రెండూ ఒకేచోట తెగితేనే ప్రాణం మీదికి వస్తుంది. మంచి కణాలు ఈ మరమ్మతులో నేర్పరులు. గంటల్లో చాలావరకు బాగు చేసుకుంటాయి. క్యాన్సర్ కణాలు ఎక్కువ రకాల్లో అంత బాగా చేసుకోలేవు. అందుకే రోజుకు కొంచెం, మధ్యలో ఒక రాత్రి.

దీన్ని సమీకరణం దాకా తెచ్చినవాళ్ళలో కేంబ్రిడ్జి భౌతిక శాస్త్రవేత్త డగ్లస్ లీ పేరు ముందు చెప్పాలి. 1946లో జీవకణాల మీద రేడియేషన్ ప్రభావాల గురించి ఆయన పుస్తకం వచ్చింది, మరుసటి ఏడాదే చిన్న వయసులో ఆయన పోయాడు. ఆయన ఆలోచన ఇది. ఒకే రేడియేషన్ ధార రెండు తెంపులూ చేయవచ్చు. ఆ అవకాశం మోతాదును బట్టి పెరుగుతుంది. లేదా వేర్వేరు ధారలు చేసిన రెండు తెంపులు, మొదటిది బాగుపడేలోపు, దగ్గర దగ్గరగా పడి ఒకదానితో ఒకటి తప్పుగా అతుక్కోవచ్చు. ఆ అవకాశం మోతాదు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. మొదటిదాన్ని ఆల్ఫా, రెండోదాన్ని బీటా అంటారు. ఈ రెండిటి నిష్పత్తి గడ్డకు ఒకలా, నెమ్మదిగా స్పందించే మంచి కణజాలానికి ఒకలా ఉంటుంది. ఈ రోజు ప్రపంచంలో ఏ రేడియోథెరపీ విభాగంలోనైనా ఒక విడత, అంటే ఒక సిట్టింగు, పెంచాలన్నా తగ్గించాలన్నా ఈ రెండు గ్రీకు అక్షరాల దగ్గరికే వెళ్తారు.

మా మాటలు వింటూ టీ కొట్టు స్తంభానికి ఆనుకొని ఒక కుర్రవాడు నిలబడ్డాడు. ఆవిడ చెల్లెలి కొడుకు, తిరువూరులో డిగ్రీ చదువుతున్నాడు. వాడికి ఒక లెక్క ఇచ్చాను. క్యాన్సర్ గడ్డ ఒక గ్రాము ఉంటే అందులో దాదాపు 100 కోట్ల కణాలు ఉంటాయని అంచనా. రెండు గ్రేల సిట్టింగు ఒకటి పడితే చాలా రకాల్లో సుమారు సగం చస్తాయి. రేపు మిగిలిన సగంలో సగం. ఒక్క కణం మిగలడానికి ఎన్నిసార్లు సగం చేయాలి? ఫోను తీసి గుణించుకుంటూ పోయాడు. ముప్పయ్యోసారికి 107 కోట్లు దాటింది.

"ముప్పై సిట్టింగులు సార్," అన్నాడు. ఆ వెంటనే, "మరి ఆ ఒక్కటి మిగిలితే?" అన్నాడు.

ఆ ఒక్కటి మిగిలితే మళ్ళీ పెరగవచ్చు. అందుకే గడ్డ పెద్దదైతే ముప్పైతో ఆపరు. అందుకే చివరి సిట్టింగులు మొదటివాటికంటే తక్కువ విలువైనవి కావు. కొందరు రోగులు ఇరవై దాటేసరికి ఒంట్లో బాగుందనో, ఒళ్ళు కాలినట్టు ఉందనో, పొలం పని ముంచుకొచ్చిందనో మానేస్తారు. అప్పటికి గడ్డ కంటికి కనపడనంత చిన్నదై ఉండవచ్చు. వంద కోట్లను ఇరవైసార్లు సగం చేస్తే ఇంకా వెయ్యి దాకా మిగులుతాయి. కంటికి లేవు, చేతికి తగలవు, లెక్కలో మాత్రం ఉన్నాయి. ఈ సంగతి డాక్టరు గదిలో హడావుడిగా చెప్పేది కాదు. ఊళ్ళో, బల్ల మీద కూర్చొని, ఫోను కాలిక్యులేటర్‌తో చెప్పాల్సింది.

ఇంకో సంగతి. చికిత్స నడుస్తుండగా గడ్డ చేతులు ముడుచుకొని కూర్చోదు. 1988లో రాడ్నీ విథర్స్, ఆయన సహచరులు తల, మెడ క్యాన్సర్ల చికిత్స వివరాలను పెద్ద సంఖ్యలో గుదిగుచ్చి చూశారు. మొదటి నాలుగు వారాలు గడ్డ పెద్దగా పుంజుకోదు. ఆ తర్వాత బతికిన కణాలు వేగంగా పెరగడం మొదలుపెడతాయి. ఆ పెరుగుదలను సరిపెట్టడానికే రోజుకు సుమారు 0.6 గ్రే ఖర్చవుతుందని తేల్చారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో కూడా చికిత్స మొత్తం ఎనిమిది వారాల్లోపు ముగించాలని వైద్యులు పట్టుబట్టేది ఇందుకే.

0.6 అనే ఆ అంకె నన్ను చాలా రోజులు వదల్లేదు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్ని తలచుకుందాం. బుడమేరు వాగు విజయవాడను ముంచేసింది. కేసముద్రం దగ్గర పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి కాజీపేట, విజయవాడ మధ్య రైళ్ళు నిలిచాయి. ఆ వారంలో ఈ పరిసరాల్లో నోటి క్యాన్సర్‌కి అయిదో వారం చికిత్సలో ఉన్న మనిషి ఒకరున్నారనుకోండి. వారం రోజులు కదల్లేకపోతే ఏడు ఆర్ల నలభై రెండు, అంటే 4.2 గ్రేలు గడ్డకు లాభం. తప్పిన సిట్టింగులన్నీ చివర్లో కలిపి ఇచ్చినా, రెండుకు పైగా సిట్టింగుల బలం వాగులో కలిసిపోయినట్టే. ఇది ఊహించిన రోగి, కానీ అంకెలు ఊహించినవి కావు. విథర్స్ సమీకరణానికి వాగు ఎందుకు పొంగిందో అక్కర్లేదు. రోజులు పోయాయా లేదా అన్నదే చూస్తుంది.

మధ్యాహ్నం ఆ కుర్రవాడు నన్ను కట్టలేరు దాకా తీసుకెళ్ళాడు. దారిపొడుగునా ప్రశ్నలే. కంప్యూటర్ ఇందులో ఏం చేస్తుంది అన్నది మొదటిది. 1946లో స్టానిస్లా ఉలాం అనే గణితవేత్త జబ్బు నుంచి కోలుకుంటూ పేకముక్కలతో ఒంటరి ఆట ఆడేవాడు. ఆట నెగ్గే అవకాశం ఎంతో సూత్రంతో తేల్చడం కష్టం, చాలాసార్లు ఆడి లెక్కపెట్టడం తేలిక అని ఆయనకు తోచింది. జాన్ వాన్ నాయ్‌మన్ తోడై, ఆ ఆలోచనను అప్పుడే పుట్టిన కంప్యూటర్లకు ఎక్కించారు. నికొలస్ మెట్రోపొలిస్ దానికి మాంటె కార్లో అని పేరు సూచించాడు. ఇప్పుడు రేడియేషన్ లెక్కల్లో నమ్మకమైన దారి ఇదే. ఒక ఫోటాన్ శరీరంలోకి దిగింది. ఎంత లోతున ఢీకొంటుంది, ఎటు మళ్ళుతుంది, ఎంత శక్తి విడుస్తుంది అన్నది ప్రతి అడుగులోనూ యాదృచ్ఛిక సంఖ్య తేలుస్తుంది. అలా కోట్ల ఫోటాన్ల కథలు నడిపి, ఎక్కడెంత శక్తి దిగిందో కూడితే మోతాదు పటం వస్తుంది.

జెనీవా దగ్గరి సెర్న్ కేంద్రంగా పుట్టిన జియాంట్4 అనే సాఫ్ట్‌వేర్ ఇలాంటి పనికే. దానికి కొనసాగింపుగా, అంతరిక్ష యాత్రికులకు రేడియేషన్ ముప్పు ఎంతో తెలుసుకోవాలని యూరప్ అంతరిక్ష సంస్థ చొరవతో జియాంట్4-డీఎన్ఏ మొదలైంది. అది డీఎన్ఏ మెలికల దాకా దిగుతుంది. ఎలక్ట్రాన్ ఒక నీటి అణువును ఎలా చీల్చింది, అందులోంచి పుట్టిన హైడ్రాక్సిల్ రాడికల్ సెకనులో అతి చిన్న వంతు కాలం తిరిగి డీఎన్ఏ పేటకు తగిలిందా లేదా అని అడుగడుగూ అనుసరిస్తుంది. ఈ రెండూ ఉచితం. ఎవరైనా దింపుకోవచ్చు. రేడియేషన్ ఇచ్చే కోట్ల రూపాయల లీనియర్ యాక్సెలరేటర్ మిషను గంపలగూడెం రాకపోవచ్చు గానీ, కణం లోపల ఏం జరుగుతుందో లెక్కగట్టే పని ఈ ఊరి కుర్రవాడి ల్యాప్‌టాప్‌లో ఈ రాత్రే మొదలు కావచ్చు. ఇది నేను ఆ అబ్బాయిని ఉత్సాహపరచడానికి చెప్పిన మాట కాదు, నిజంగా నమ్ముతున్న మాట. సి ప్లస్ ప్లస్ వచ్చా అని అడిగాను. సెమిస్టర్‌లో ఉందన్నాడు.

అయితే ఆ సాఫ్ట్‌వేర్‌కూ హద్దుంది. పేటలు ఎన్ని తెగాయో అది చెప్పగలదు. మనిషి బతుకుతాడా అన్నదానికి అక్కణ్నుంచి ఇంకా చాలా మెట్లు ఉన్నాయి. ఆ మెట్లు ఎక్కించేది రోగుల అనుభవమే.

అలా ఎక్కినవాళ్ళలో ఒకరు మన పాత జిల్లా మనిషే. నోరి దత్తాత్రేయుడు 1947లో కృష్ణా జిల్లా మంటాడలో పుట్టి, కర్నూలు వైద్య కళాశాలలో చదివి, న్యూయార్క్ మెమోరియల్ స్లోన్ కెటరింగ్ చేరారు. ఆయన పేరు నిలిచింది బ్రాకీథెరపీలో. రేడియేషన్ మూలాన్ని బయటి నుంచి కాకుండా గడ్డ లోపలో, పక్కనో పెట్టే పద్ధతి అది. బాసిల్ హిలారిస్, లోవెల్ ఆండర్సన్‌లతో కలిసి ఆయన రాసిన బ్రాకీథెరపీ అట్లాస్ 1988లో వచ్చింది. వీరిలో ఆండర్సన్ డాక్టరు కాదు, భౌతిక శాస్త్రవేత్త. మూలాలు ఎక్కడ పెడితే ఎంత మోతాదు ఏ మూలకు చేరుతుందో లెక్కించే దారులు వేసినవాడు. ఒక పుస్తకం మీద రోగిని ముట్టుకునే చెయ్యి, లెక్క రాసే చెయ్యి పక్కపక్కన ఉండటం నాకు ఈ రంగం స్వభావమంతా చెప్పినట్టుంటుంది. 2015లో పద్మశ్రీ, 2026లో పద్మభూషణ్ ఆయనకు వచ్చాయి. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం క్యాన్సర్ వైద్యంలో సలహాదారుగా నియమించుకుంది. ఈ జిల్లాకు పేరైన ఎన్టీఆర్ భార్య బసవతారకం క్యాన్సర్‌తోనే పోయారు. ఆమె పేరు మీద 2000లో హైదరాబాద్‌లో ఆసుపత్రి మొదలైంది. పాత కృష్ణా జిల్లాకూ ఈ జబ్బుకూ వైద్యానికీ ఉన్న చుట్టరికం ఇంత దగ్గరిది.

సాయంత్రం మళ్ళీ ఆవిడ ఇంటి అరుగు మీద చేరాం. ఆవిడకు చెప్పాల్సిన కబురు ఒకటి మిగిలింది. బ్రిటన్‌లో ఫాస్ట్ ఫార్వర్డ్ అనే పరీక్షలో 4,000 మందికి పైగా రొమ్ము క్యాన్సర్ రోగులు పాల్గొన్నారు. మూడు వారాల్లో పదిహేను సిట్టింగులుగా ఇచ్చే 40 గ్రేల బదులు, ఒకే వారంలో అయిదు సిట్టింగులుగా 26 గ్రేలు ఇచ్చి చూశారు. అయిదేళ్ళ తర్వాత చూస్తే రొమ్ములో జబ్బు తిరగబెట్టడం పాత పద్ధతి కంటే ఎక్కువ కాలేదు. 2020లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. రొమ్ము క్యాన్సర్‌కు ఆల్ఫా, బీటా నిష్పత్తి చాలా గడ్డల కంటే తక్కువ, కాబట్టి పెద్ద విడతలు పనికొస్తాయని సమీకరణం ముందే సూచించింది. మనుషుల మీద పరీక్ష దాన్ని నిలబెట్టింది. అందరికీ పనికిరాదు. జబ్బు ఏ దశలో ఉంది, చంకలోని గ్రంథులకూ ఇవ్వాలా అన్నది చూసి డాక్టరే తేల్చాలి. కానీ ఈ రంగంలో జరిగిన పరిశోధనలన్నిటిలో గంపలగూడెం మనిషికి నేరుగా చేరగలిగింది ఏదంటే నేను దీన్నే చూపిస్తాను. కొత్త మిషను అక్కర్లేదు, కొత్త మందు అక్కర్లేదు. పాతిక బస్సులు అయిదు బస్సులవుతాయి.

ఆవిడ కాసేపు వేళ్ళు లెక్కపెట్టుకుంది. "అయిదు రోజులంటే ఆడపడుచు ఇల్లు కూడా అక్కర్లా," అంది.

"మరి మధ్యలో ఒకరోజు తప్పితే ఏం చేస్తారు సార్?" అని కుర్రవాడు అడిగాడు. నోరు, గొంతు, గర్భాశయ ముఖద్వారం లాంటి తొందరగా పెరిగే గడ్డలకు ఆ లెక్క కూడా ఉంది. బ్రిటన్ రాయల్ కాలేజ్ ఆఫ్ రేడియాలజిస్ట్స్ సూచనల ప్రకారం శనివారమో ఆదివారమో సిట్టింగు పెట్టి సరిచేయాలి, లేదా ఒకేరోజు రెండు పెట్టాలి. రెండు పెడితే నడుమ కనీసం ఆరు గంటలు ఉండాలి. మంచి కణం పొద్దుటి గాయాలను మాన్పుకోవడానికి పట్టే కాలాన్ని లెక్కగట్టి తీసిన ఆరు గంటలు అవి.

"ఆరు గంటలు ఎక్కడ కూర్చోమంటారు బాబూ?" అంది ఆవిడ. "ఇంటికొచ్చి మళ్ళీ పోయే టైము ఉండదుగా. చెట్టు కిందా?"

రేడియోథెరపీ ఉన్న ప్రతి ఆసుపత్రి పక్కనా, పల్లె నుంచి వచ్చిన రోగీ తోడు వచ్చిన మనిషీ పడుకోవడానికి నాలుగు గదులు, రెండు పూటలా అన్నం ఉండాలని అడగాలి. ఆ గదులు దానధర్మాల ఖాతాలో కాకుండా చికిత్స ఖాతాలో ఉండాలి. రోజుకు 0.6 గ్రే పోతుందని తేల్చిన శాస్త్రం ప్రకారమే, వాగు పొంగిన వారంలో రోగిని మిషను పక్కన ఉంచగలిగిన గది రెండు సిట్టింగుల విలువ చేస్తుంది. ఆవిడకు ఇదే చెప్పాను. కుర్రవాడు 4.2ను 2తో భాగించి చూసుకున్నాడు. మధిర బస్సుకు వేళైందని ఎవరో కేకేశారు.